దొర డాక్టరు మాకు బావైన వైనం

మొన్న మా ఆఫీసులో కంప్యూటరు తెర మీద మీటింగు జరుగుతుండగా, సముద్రాల అవతల కూర్చున్న పెద్దాయన ఒకాయన ఏదో అన్నాడు, గళ్ళు గళ్ళుగా కనిపిస్తున్న మొహాలన్నీ ఒక్కసారి నవ్వాయి, నేనూ నవ్వాను. అందరికన్నా ఒక్క రెప్పపాటు ఆలస్యంగా నవ్వాను గానీ ఆ సంగతి ఎవరూ కనిపెట్టలేదు, ఎందుకంటే ఆ ఆలస్యాన్ని తగ్గించుకోవడానికి నేను పడిన శ్రమతో ఈపాటికి ఒక కొండని అరగదీసి ఉండవచ్చు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇంగ్లీషు జోకు విజయనగరంలో రైలెక్కితే నా నవ్వు పరుగెత్తుకుంటూ వెళ్ళి పలాసలో దాన్ని అందుకునేది. మీటింగయ్యాక పక్క సీటు అమ్మాయి, నా మొహం చూసి జాలిపడిందో ఏమో, ఆ జోకుని తన ఫోనుకి అప్పగించింది. ఫోను ఒక్క క్షణం ఆలోచించి, అందులో ఎక్కడ నవ్వాలో, ఎందుకు నవ్వాలో, పుట్టుపూర్వోత్తరాలతో సహా విడమరిచి చెప్పింది. చదివాను, అంతా అర్థమైంది, నవ్వు మాత్రం రాలేదు. పైపెచ్చు ఒళ్ళంతా అలుపొచ్చింది. ఇన్నేళ్ళూ అర్థం కాని వాటికి నవ్వీ నవ్వీ దవడలకి పట్టిన అలుపది. మన ఈడు వాళ్ళకి దాన్ని గురించి వేరే చెప్పనక్కర్లేదు, మీరూ ఏదో ఒక దొరగారి ముందు, ఏదో ఒక మేనేజరు ముందు, అలా పళ్ళికిలించి నిలబడే ఉంటారు.

అసలు మనం నేర్చుకున్న ఇంగ్లీషులో నవ్వెక్కడుంది చెప్పండి. బడిలో నేర్పిన ఇంగ్లీషులో ఒకడు రోజూ బడికి వెళ్తాడు, ఒకడు నిన్న వెళ్ళాడు, ఇంకొకడు రేపు వెళ్తాడు, అంతే. ఇంతమంది ఇన్నాళ్ళు వెళ్ళినా వాళ్ళలో ఒక్కడూ దారిలో కాలు జారి పడిన పాపాన పోలేదు. ఇక మా ఇంట్లో ఇంగ్లీషంటే చర్చి ఇంగ్లీషు. మాది బాప్టిస్టు కుటుంబం, మా నాన్న మిషను ఆస్పత్రిలో పుండ్లకి కట్లు కట్టే ఉద్యోగి, మా ఆదివారాలన్నీ చర్చి బల్లల మీదే అరిగిపోయాయి. ఆ ఇంగ్లీషులో రాజులు యుద్ధాలకి బయల్దేరతారు, ప్రవక్తలు బూడిదలో కూర్చుని ఏడుస్తారు, మిడతలు దండెత్తుతాయి. అంత గంభీరమైన భాషలో ఒక కప్పు టీ అడిగినా ఎక్కడో ఉరిమినట్టుండేది.

మా చర్చికి అప్పుడప్పుడు వచ్చే విదేశీ బోధకుల పక్కన నిలబడి, వాళ్ళొక మాటంటే దాన్ని తెలుగులో చెప్పే పని, దాన్నే మేము తర్జుమా అనేవాళ్ళం, నాకు మీసాలు రాకముందే అబ్బింది. తర్జుమా అంటే ఉత్త మాటలు మార్చడమనుకునేరు. బోధకుడు చెయ్యెత్తితే మనమూ చెయ్యెత్తాలి, ఆయన గొంతు తగ్గిస్తే మనమూ తగ్గించాలి, ఆయన బల్ల గుద్దితే మనమూ గుద్దాలి. ఒకసారి ఒక బోధకుడు ప్రసంగం మధ్యలో తుమ్మితే నేనూ అంతే భక్తిగా తుమ్మాను, సంఘమంతా ఆమెన్ అంది. ఈ విద్య నేర్పిన మా పాస్టరుగారి కట్టడి ఒక్కటే, ఒక మాట కలపకూడదు, ఒక మాట తియ్యకూడదు, మధ్యలో నీ సొంత మొహం పెట్టకూడదు. గొట్టంలోంచి నీళ్ళు పోయినట్టు ఆ మాటలు నాలోంచి పోయేవి. గొట్టానికి ఎప్పుడైనా దాహం తీరుతుందా? ఎంతమంది ఎంత గొప్పగా చెప్పినా, ఇంటికొచ్చాక ఇవాళ ఏం చెప్పారురా అని అమ్మ అడిగితే నాకొక్క ముక్క గుర్తుండేది కాదు.

డిగ్రీ చేతికొచ్చిన ఏడు, మా నాన్న పనిచేసే ఆస్పత్రికే, ఆ చలికాలమంతా ఉండి ఆపరేషన్లు చేయడానికి ఇంగ్లండు నుంచి ఒక దొర డాక్టరు వచ్చాడు, ఆయన పక్కన తర్జుమాకి నన్ను పెట్టారు. ఆయన పొడుగు ఎంతంటే, ఒక గుమ్మం దాటడానికి వంగిన నడుము నిటారయ్యేలోపు ఇంకో గుమ్మం వచ్చేసేది, అందుకని ఆస్పత్రి లోపల ఆయన్ని నిలువునా చూసినవాళ్ళు లేరు. చేతులు మాత్రం దేవుడు తీరిగ్గా కూర్చుని చేసిన చేతులు. అయితే ఆయన ఇంగ్లీషు, నేను నేర్చుకున్న ఇంగ్లీషు ఎప్పుడూ ముఖాముఖీ కలుసుకున్న భాషలు కావు. పాతికేళ్ళు కూడా నిండని నన్ను ఓల్డ్ బోయ్ అని పిలిచేవాడు, ఆస్పత్రి జీపుని ఓల్డ్ గాళ్ అనేవాడు, నేనూ ఆ జీపూ ఒకే కాన్పులో పుట్టిన అక్కాతమ్ముళ్ళమేమోనని చాలా రోజులు బెంగపెట్టుకున్నాను. ఇంక, చావు అంచు దాకా వెళ్ళి లేచి కూర్చున్న మనిషిని చూసినా, మా వంటాయన కోడికూర తిన్నా, భావనపాడు ఒడ్డున సూర్యోదయం చూసినా ఆయన నోట ఒకటే మాట, నాట్ టూ బ్యాడ్. నేను దాన్ని పాస్టరుగారి పద్ధతిలో, మరీ అంత చెడ్డగా ఏమీ లేదు, అని గొంతు దించి తర్జుమా చేసేసరికి, కోలుకున్న మనిషి చుట్టాలు కొంగులు నోట్లో కుక్కుకుని ఘొల్లుమనేవారు. ఆ మాట ఆయన దేశంలో వీరతాడు వేయడంతో సమానమని నాకు తెలిసేసరికి సగం చలికాలం అయిపోయింది.

వీటన్నిటికన్నా కష్టం ఆయన జోకులు. ఆ జోకులకి తలా తోకా ఉండేవి గానీ మొహం ఉండేది కాదు. చెప్పేముందు నవ్వడు, చెప్పేటప్పుడు నవ్వడు, చెప్పాక మనం నవ్వామా లేదా అని చూడనైనా చూడడు. ఆపరేషన్ గది శుభ్రంగా ఉందా అని అడిగే గొంతుతోనే జోకు కూడా వేసేవాడు.

మన వైపు అలా కాదు కదా. మన జిల్లాల్లో వేళాకోళానికి ఒక గేటుంది, దాని పేరు వరస. బావ బావమరిదిని ఏమైనా అనొచ్చు, మావ అల్లుణ్ణి ఉతికి ఆరెయ్యొచ్చు, వదిన మరిదిని ఊరందరి ముందూ దులిపెయ్యొచ్చు. ముందు ఒరే బావా అన్న పిలుపు వినబడిందంటే వెనక వచ్చేది తిట్టయినా తాంబూలం కిందే లెక్క. అదే మాట అన్నదమ్ముల వరసవాడు అంటే మాత్రం కర్రలు లేస్తాయి. దీనికి రక్తసంబంధమే ఉండాలని లేదు, నోటి వరస చాలు. నరసన్నపేట దగ్గర మా సొంతూళ్ళో మా మడిని ఆనుకుని ఒక రైతు మడి ఉండేది. వాళ్ళ దేవుడు వేరు, మా దేవుడు వేరు, కులమూ వేరు, కానీ మా నాన్న ఆయన్ని బావా అనేవాడు కాబట్టి ఆయన నాకు మావ, వాళ్ళావిడ అత్త. ఆ మావ నవ్వాడంటే పక్కూళ్ళో దూడలు తాళ్ళు తెంపుకునేవి. నేను మొదటిసారి పేంటు తొడుక్కుని ఊళ్ళోకి వెళ్ళినప్పుడు, "ఒరే అల్లుడా, కొంగని పట్టుకొచ్చి ఆ గొట్టాల్లో దూర్చినావేటిరా, లేకపోతే అవి నీ కాళ్ళేనా?" అని ఆయన కేకేస్తే ఊరు ఊరంతా నా కాళ్ళనే చూసింది. నాకు సిగ్గేసింది, అంతకన్నా ఎక్కువ గర్వమేసింది. మావ చేత అనిపించుకోవడమంటే ఊళ్ళో మనకొక చోటుందని అర్థం.

ఆ ఏడు వరికోతల్లో మావ కాల్లో ముల్లు దిగింది. ఒంట్లో షుగరున్న సంగతి ఆయనకీ తెలియదు, షుగరుకీ తాను ఎవరింట్లో ఉన్నదీ తెలియదు. పసుపు పెట్టారు, ఆకులు కట్టారు, చివరికి కాలి వేళ్ళు నల్లబడి వాసన మొదలయ్యాక, మన అల్లుడున్నాడు కదా అనే ధైర్యంతో ఆస్పత్రికి వచ్చారు. దొర డాక్టరు చూసి, నన్ను పక్కకి పిలిచి, ఆ వేళ్ళు రేపు తీసేస్తే పాదం దక్కుతుందనీ, ఆలస్యమైతే కాలు పోతుందనీ, ఇంకా ఆలస్యమైతే కాలుతో ఆగదనీ చెప్పాడు. ఇదంతా మావకి చెప్పాను. కిటికీ వైపు చూసి సరేనన్నాడు. పోనీలే, వేళ్ళతోటే కదా, అన్నాడు. ఆ గొంతులో వణుకు నాకు వినబడింది, మాట అర్థం కాకపోయినా దొరకీ వినబడినట్టుంది, అందుకే ఆయన ఆ మనిషిని కాస్త తేలికపరుద్దామనుకున్నాడు.

మంచం పక్కన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి, దొర ఒక మాటన్నాడు. నేనూ చేతులు వెనక్కి కట్టుకుని తర్జుమా చేశాను. ఇదే ఆపరేషన్ నేను మునుపొకాయనకి చేశాను, ఆయన ఇప్పటివరకూ ఒక్క ఫిర్యాదు చెయ్యలేదు.

మావ మొహం విప్పారింది. "అలగేటి? మంచిదే. ఆ బాబు ఇప్పుడేటి సేస్తన్నాడో అడగరా."

అడిగాను. దొర ఒక్క క్షణం ఆలోచించి, కిటికీలోంచి చెయ్యి చాపి చూపించి జవాబిచ్చాడు. నేనూ అదే చెయ్యి అంతే పొడవున చాపి, గొంతు దించి, ఒక్క మాట కలపకుండా, ఒక్క మాట తియ్యకుండా చెప్పాను. ఎక్కువగా పడుకునే ఉంటాడు, అదిగో, ఆ చర్చి వెనకాల.

ఆ కిటికీలోంచి చూస్తే మా చర్చి వెనకాల కనిపించేది సమాధుల తోట. మావ ఆ తోటని చూశాడు, దొర మొహం చూశాడు, అందులో ఒక్క గీత కదల్లేదు. నా మొహం చూశాడు, అది నా సొంత మొహం కాదు కాబట్టి అందులోనూ ఏమీ లేదు. వేల కాళ్ళు బాగుచేసిన దొర, ఒక స్నేహితుణ్ణి సంపాదించుకున్నానన్న తృప్తితో మావ భుజం తట్టి పక్క మంచానికి వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం గంజి పట్టుకెళ్ళిన నర్సుకి మంచం ఖాళీగా కనబడింది. అత్త భుజం మీద చెయ్యేసుకుని, ఒంటికాలి మీద గెంతుకుంటూ నరసన్నపేట బస్సెక్కిపోయారని గేటు దగ్గర చెప్పారు.

దొరకి ఈ సంగతి చెప్పి, ఆ చర్చి వెనకాల ఆయన ఎవరండీ అని కూడా అడిగాను. ఆయన ఆ ఖాళీ మంచం మీద కూర్చుని కళ్ళద్దాలు తీసేశాడు. అలాంటి మనిషి ఎవరూ లేడు ఓల్డ్ బోయ్, అన్నాడు. అది జోకని ఆయన మొదటినుంచీ విడమరిచి చెబుతుంటే, మధ్యమధ్యలో తనకే అది జోకులా అనిపించడం మానేసినట్టు నాకు తెలుస్తూనే ఉంది. ఆ పాదం రేపటి దాకా ఆగితే గొప్ప, అని లేచాడు. వెంటనే జీపు తియ్యమన్నాడు.

ఆ జీపు గతుకుల్లో ఎగిరిన ఎగురుళ్ళకి దొర తల పైకప్పుకి ఎన్నిసార్లు తగిలిందంటే, ఊరు చేరేసరికి ఆయన మామూలు మనుషుల పొడుగుకి వచ్చి ఉంటాడని నా నమ్మకం. మావ కళ్ళంలో వరికుప్ప పక్కన నులకమంచం మీద పడి ఉన్నాడు. జ్వరానికి కళ్ళు ఎర్రబడ్డాయి. అత్త చేత్తో చేట పట్టుకుని జీపుకి ఎదురొచ్చింది.

"ఓలమ్మో, ఇంటికాడికి కూడా వచ్చీసినారేటి! ఒరే పిల్లడా, నిన్ను నమ్మి మనిషిని తెస్తే సమాదుల్లో సోటు సూపిస్తావేటిరా?"

దొర రెండు చేతులూ జోడించి, తప్పైపోయింది, నన్ను మన్నించండి, అన్నాడు. నేనూ చేతులు జోడించి అంతా తర్జుమా చేశాను. దాంతో పరిస్థితి చక్కబడిందా అంటే, చేరుతున్న జనం నోళ్ళు నొక్కుకున్నారు. మావ మంచం మీద సగం లేచి, "సూసినావేటే? డాకటేరే తప్పైపోనాదంటన్నాడు. అంటే ఆ మనిషి నిజంగానే పోనాడన్నమాట!" అన్నాడు. మన ఊళ్ళో ఏ డాక్టరైనా చేతులు జోడించాడంటే శవాన్ని పట్టుకెళ్ళమనే అర్థం, ఆ సంగతి దొరకెలా తెలుస్తుంది?

ఇంక పాస్టరుగారి కట్టడి పక్కనబెట్టి నేనే మాట్లాడాను. మావా, అది నిజం కాదు మావా, ఉత్త వేళాకోళం, అన్నాను. మావ నన్ను ఎగాదిగా చూశాడు.

"ఏళాకోలమా? ఏళాకోలమాడ్డానికి ఆ బాబు నాకేటౌతాడ్రా?"

కళ్ళంలో జనం అవును కదా అన్నట్టు దొర వైపు తిరిగారు. ఎంత సూటి ప్రశ్న! ఏమంటున్నాడని దొర అడిగితే, మీరు ఆయనకి ఏమవుతారని అడుగుతున్నాడని చెప్పాను. దొర ఆలోచించి, డాక్టర్ని, అన్నాడు. అది చెబితే మావ తల అడ్డంగా ఊపాడు, డాక్టరు వరస కాదట. అందరూ ఆలోచనలో పడ్డారు. తమ్ముడందామంటే తమ్ముడు అలాంటి మాట అనకూడదు, అల్లుడందామంటే తల నెరిసిపోయింది. ఎండ దిగిపోతోంది, దొర మాటిమాటికీ ఆ ఆకుల కట్టు వైపే చూస్తున్నాడు, మంచం మీద మనిషికి జ్వరం పెరుగుతోంది, మేమందరం మాత్రం ఇంగ్లండుకీ నరసన్నపేటకీ వరస కుదరక తల్లడిల్లుతున్నాం.

మా అందరిలోకీ బుర్రున్నది అత్తకే. చేట కింద పెట్టి, "ఆ బాబుకి అప్పసెల్లెళ్ళున్నారేటో అడగరా," అంది.

అడిగాను. దొర కొంచెం తెల్లబోయి, ఒక అక్క ఉందనీ, పెళ్ళి చేసుకోలేదనీ, గుర్రాలు పెంచుతుందనీ, ఎవరి మాటా వినదనీ చెప్పాడు. అది వినగానే మావ ఎర్రబడిన కళ్ళలో ఏదో కదిలింది. మోచేతి మీద లేచి, మీసం ఒకసారి తడుముకున్నాడు.

"మరింకేటి, బావే! బావా, ముందు మీ అప్పని నాకిచ్చీ, అప్పుడు నా కాలు ముట్టుకో."

జనం గొల్లున నవ్వారు. దీన్ని నేను ఇంగ్లీషులో చెప్పాలి, నాకున్నది చర్చి ఇంగ్లీషు, అందులో ఎవడైనా ఎవరి అక్కనైనా అడిగాడంటే వెనకాల యుద్ధం జరిగి తీరుతుంది. జీపు డ్రైవరు నెమ్మదిగా స్టీరింగు ముందుకి వెళ్ళి కూర్చున్నాడు. నేను కళ్ళు మూసుకుని, ఒక ప్రాచీన చక్రవర్తి రాయబారం పంపినట్టు, ఉన్నదున్నట్టు చెప్పేశాను.

దొర మొహంలో ఏ మార్పూ లేదు. టోపీ సర్దుకున్నాడు. మావని నెత్తి నుంచి పాదాల దాకా, తర్వాత వరికుప్పని, పాకని, పాక ముందు గేదెని, సంబంధం ఖాయం చేసుకోవడానికి వచ్చిన పెద్దమనిషిలా ఒక్కొక్కటే పరిశీలించాడు. చివరికి ఒకే మాటన్నాడు. నేను తర్జుమా చేశాను. తప్పకుండా ఇస్తాను, తిరిగి తీసుకునేది మాత్రం లేదు.

మావ నవ్వాడు. ఆ జ్వరంలో, ఆ నొప్పిలో, వరికుప్ప కూలిపోతుందేమోనన్నంతగా నవ్వాడు. అత్త ఊరుకుంటుందా? "పంపమనరా ఆ యమ్మని! గుర్రాల్ని తోలిన మనిషికి మా గేదొక లెక్కా? పేడ పనంతా దానికప్పగించి నాను కూకుంటాను," అంది. ఆ మాటని దొరకి చెప్పగానే, ఆ చలికాలమంతా ఎవరూ చూడని వింత జరిగింది, ఆ మొహం పగిలింది. ఆయన కళ్ళంలో గడ్డి మీద కూలబడిపోయి, కళ్ళద్దాలు తీసి కన్నీళ్ళు తుడుచుకున్నాడు. ఎవరూ నావైపు చూడటం లేదు, ఎవరికీ తర్జుమా అక్కర్లేకపోయింది. అప్పుడు నాకు తట్టింది, మనం బావా అన్న పిలుపులో పెట్టుకునే భరోసాని ఆ దేశం వాళ్ళు బిగబట్టిన మొహంలో దాచుకుంటారని. ఆ మొహం చూసి నేను భయపడుతూ వచ్చాను, ఆయనేమో అన్నాళ్ళూ దాంతోనే మమ్మల్ని బావా బావా అని పిలుస్తున్నాడు.

జీపులోకి ఎక్కించేటప్పుడు, "బావా, ఈసారి సర్చి ముందర పడుకోబెట్టు, ఎనకాల దోమలుంటాయి," అన్నాడు మావ. మర్నాడు పొద్దున్నే వేళ్ళు తీసేశారు, పాదం దక్కింది. ఆ తర్వాత ఆయన ఒక పక్కకి ఒరిగి, ఊరేగింపులో రథంలా నడిచేవాడు. ఆస్పత్రిలో ఉన్న రోజుల్లో దొర వార్డులోకి వస్తూనే ఏటి బావా అనేవాడు, ఎలా ఉందని చేత్తో అడిగితే మావ నాటూబేడు అనేవాడు, ఆ ఇద్దరికీ అంతకు మించిన భాష అవసరమైనట్టు నాకు కనబడలేదు. చలికాలం అయిపోయి దొర వెళ్ళిపోయే రోజున అత్త ఒక పొందూరు నేతచీర మడతపెట్టి తెచ్చి, మా సవితికి ఇమ్మను, అంది. దొర దాన్ని రెండు చేతులా అందుకుని, ఇంక ఆవిణ్ణి పట్టలేం, అన్నాడు, మొహంలో గీత కదలకుండా.

ఆయన మళ్ళీ రాలేదు. చాలా ఏళ్ళకి, ఆయన పోయారన్న కబురు చర్చి ద్వారా మాకు అందింది. ఊరెళ్ళినప్పుడు మావకి చెప్పాను. అరుగు దిగి, ఒరుగుతూ నూతి దగ్గరకి వెళ్ళి, దగ్గరి చుట్టం పోయినట్టు నెత్తి మీంచి నీళ్ళు పోసుకున్నాడు.

నేను తర్వాత ఆఫీసులు మారాను, ఊళ్ళు మారాను, ఇంగ్లీషు బాగా వంటబట్టింది. దొరల యాసలు, కుర్రాళ్ళ కొత్త మాటలు, వెటకారాలు, అన్నీ తెలిశాయి. తెలిసిన కొద్దీ అలుపే మిగిలింది, ఎందుకంటే ఆ నవ్వుల్లో నేను ఎవరికీ ఏమీ కాను. పోయినేడు మావకి ఊపిరాడటం లేదని శ్రీకాకుళంలో ఒక అద్దాల ఆస్పత్రిలో చేర్పించారని తెలిసి పరుగెత్తాను. అత్త అప్పటికే లేదు. లోపల డాక్టర్లు, నర్సులు అందరూ మన జిల్లాల పిల్లలే, మన యాసే, తర్జుమాతో పని లేదు. గాజు తలుపు దగ్గర కంప్యూటరు ముందు కూర్చున్న అమ్మాయి మర్యాదగానే అడిగింది, పేషెంటుకి మీరేమవుతారు అంకుల్ అని. అల్లుణ్ణన్నాను. కూతురి భర్తా అంది. కాదన్నాను. మేనల్లుడా అంది. కాదు, మా మడీ వాళ్ళ మడీ పక్కపక్కన అని మొదలుపెట్టాను గానీ, పాపం ఆ అమ్మాయి వేళ్ళు మీటల మీద ఆగిపోయి ఉన్నాయి, నా వెనక మనుషులు నిలబడి ఉన్నారు. చివరికి తనే దయతలచి, తెలిసినవారు అని వేసుకుంటాను అంకుల్, అంది. తెలిసినవాళ్ళని లోపలికి పంపరు.

అక్కడి ఇనప కుర్చీలో కూర్చున్నాను. సాయంకాలం ఒక కుర్ర నర్సు బయటికొచ్చి మావ కొడుకులతో, పెద్దాయనకి మతి కొంచెం తప్పుతోందండీ, నన్ను మరదలా అంటన్నారు, డాక్టరుగారిని బావా అంటన్నారు, ఆక్సిజన్ తగ్గితే అలగే ఉంటాది, అని చెప్పింది. నేను లేచి వెళ్ళి, అది మతి తప్పడం కాదమ్మా, వేళాకోళం, మీరూ ఏదో ఒకటి తిరిగి అనండి, అన్నాను. ఆ పిల్ల నన్ను జాలిగా చూసి, అలాగే అంకుల్, అని తలుపు వేసుకుంది.

మావ బయటికి రాలేదు. ఒకప్పుడు ఒక్క ముక్క భాష కలవని ఇద్దరు మనుషులు ఒక సాయంకాలంలో బావలైపోయారు, ఇప్పుడు భాషంతా కలిసిపోయింది. లోపల ఆ చివరి పూట మావ ఎవరెవరిని ఏమేం అన్నాడో, ఎవరైనా ఒక్కరైనా తిరిగి ఒక మాట అన్నారో లేదో, నాకు తెలియదు.